సున్నా ఎక్కడ పెట్టారు?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బాగా పెద్దవాళ్లను వయసు అడిగితే అంకె చెప్పరు. "రజాకార్ల లొల్లినాడు నేను సంకల బిడ్డను" అంటారు. వాళ్ల లెక్క అక్కడ మొదలవుతుంది. కంప్యూటర్‌కూ అలాంటి మొదలు, అంటే సున్నా, ఒకటుంది: 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి. ఆ రోజు చెప్పుకోదగ్గ లొల్లి ఏమీ జరగలేదు, లెక్కకు వీలని పెట్టుకున్నారంతే. అప్పటినుంచి గడిచిన సెకన్లే దానికి కాలం, రోజుకు 86,400 చొప్పున.

రజాకార్ల లొల్లికి తెరపడి నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17ను ఆ లెక్కలోకి మారిస్తే మైనస్ 67,18,46,400. అంటే 7,776 రోజులు వెనక్కి. ఆ అంకెను మళ్లీ తేదీ చేస్తే మనకు పదిహేడు, పొద్దున అయిదున్నర. న్యూజెర్సీలో ఉన్న మనవడికి మాత్రం ఇంకా పదహారే. సెకన్లకు ఊరు అక్కర్లేదు, తేదీకి కావాలి.

ఈ మార్పిడి మనకు కొత్తేం కాదు. పాత నల్లగొండ జిల్లా కొలనుపాక శాసనాల్లో చాళుక్య విక్రమ శకం ఉంది. 1076లో పట్టానికొచ్చిన ఆరో విక్రమాదిత్యుడు శక సంవత్సరాన్ని పక్కకు నెట్టి తన పేర మొదలుపెట్టిన లెక్క అది. నిజాం కాలపు, ఆ తర్వాతి కాగితాల్లో ఫసలీ లెక్క. 1364 ఫసలీ అని కనబడితే 590 కలిపి 1954 అంటాం. భూమి తగాదాల్లో ఇప్పటికీ బయటికి తీసే ఖాస్రా పహాణీ ఆ ఏడాదిదే, 1954-55. ఫసలీ ఏడాది రెండు ఇంగ్లిషు ఏళ్ల మీద పరుచుకుంటుంది గనుక నెల తెలియకపోతే కూడిక సగమే.

నాకు పేచీ ఉన్నది సున్నాతోనే. తేదీ తెలియని చోట ప్రోగ్రాం సున్నా రాసుకుంటే, చదివేటప్పుడు అది 1970 జనవరి 1 అయి కూర్చుంటుంది. అబద్ధమని ఎవరికీ అనుమానం రాదు. పుట్టిన ఏడాది మాత్రమే తెలిసిన ముసలమ్మల ఆధార్ కార్డుల్లో జనవరి 1 పడటమూ ఇలాంటిదే. ఊళ్లో ఒక తరం తరమే కొత్త సంవత్సరం నాడు పుట్టినట్టు కనిపిస్తుంది. లొల్లినాడు అన్న ముసలమ్మ మాటలో తెలిసినదెంతో తెలియనిదెంతో స్పష్టంగా ఉంది. కార్డులో ఆ తేడా చెరిగిపోయింది.

2038 జనవరి 19 పొద్దున 8:44:07కు 32 బిట్ల లెక్క నిండిపోతుందని లోకమంతా కంగారుపడి 64 బిట్లకు మారుస్తోంది. మంచిదే. ఆ పని చేస్తున్న మన పిల్లలకు ఒక మనవి: తేదీ తెలియకపోతే గడిని ఖాళీగా వదలండి, సున్నా మాత్రం రాయకండి.