గ్రావిటీ సున్నా చేస్తే స్వేచ్ఛ వస్తుందా?

ఈ వారం వీడియోలో గీత 18వ అధ్యాయం చెప్పుకుంటూ ఒక ప్రశ్న దగ్గర ఆగాం. అంతా దైవమే నడిపిస్తే ఇక మన చేతిలో ఏముంది?

నాకు ఖాళీ దొరికితే యూనిటీలో చిన్న చిన్న గేమ్స్ చేయడం సరదా. అందులో గ్రావిటీ ముందే -9.81 అని ఉంటుంది, మన భూమి లెక్కే. మామూలు సెట్టింగ్‌లో ఇంజన్ సెకనుకు 50 సార్లు ఫిజిక్స్ లెక్క చూస్తుంది: బండి బరువెంత, వేగమెంత, టైరుకి నేల మీద పట్టెంత అని. నా కారు మలుపులో మాటిమాటికీ పల్టీ కొడుతోందని విసుగొచ్చి ఒకరోజు గ్రావిటీని సున్నా చేసేశా. ఇక అడ్డేముంది అనుకున్నా. కారు మెల్లగా నేల విడిచి తేలింది. స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరిగాయి గానీ కారు తిరగలేదు. బ్రేక్ వేసినా ఆగలేదు. నేను తిట్టుకున్న ఆ బరువు, ఆ రాపిడి ఉంటేనే మలుపు తిరగగలమన్నమాట. ధర్మం కూడా ఇంతే కదా అని మురిసిపోయా.

అప్పుడే ఒక పాత సంగతి గుచ్చుకుంది.

పోయిన శ్రావణంలో అమ్మని స్కూటీ మీద గుడికి తీసుకెళ్తున్నా. వాన పడి రోడ్డు తడిగా ఉంది. అయినా రోజూ వెళ్ళే స్పీడ్‌లోనే మలుపు తిప్పా. బండి జారింది. అమ్మ మణికట్టు విరిగింది. "మన ఖర్మ నాన్నా, నువ్వేం చేస్తావ్" అంది అమ్మ. నేను తలూపి ఊరుకున్నా.

గేమ్‌లో అయితే ఆ మాట ఒప్పుకుంటానా? పట్టు తగ్గినా వేగం తగ్గించకపోతే కారు జారుతుంది. అది ఇంజన్‌కి మన మీద కోపం కాదు, శిక్షా కాదు. కృష్ణుడు ఏ పనికైనా ఐదు కారణాలు చెప్తాడు: శరీరం, చేసేవాడు, సాధనాలు, ప్రయత్నాలు, ఐదోది దైవం. తానొక్కడే కర్తననుకునేవాడికి నిజం కనబడదనీ అంటాడు. నిజమే, వాన నేను కురిపించలేదు. కానీ యాక్సిలరేటర్ మీద చెయ్యి నాదే. నేను నాలుగూ దాటేసి ఐదోదాని మీదకి నెట్టేశా, పైగా అదే భక్తి అనుకున్నా.

రథం పగ్గాలు పట్టుకున్నవాడే, అంతా చెప్పాక, బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమని అర్జునుడికే వదిలేశాడు.

మొన్న అమ్మకి చెప్పేశా: "ఖర్మ కాదమ్మా, నేనే స్పీడ్‌గా వెళ్ళా."

"నాకు తెలుసులేరా" అంది.

జై శ్రీకృష్ణ.