సత్రం గోడ మీది కొలతలు

అన్నదమ్ములిద్దరూ వడ్రంగులు. విత్తే గొర్రులు చెయ్యడంలో చెయ్యి తిరిగినవాళ్ళు. చూసి ఎవరైనా చేసుకోవచ్చని కొలతలు దాచకుండా చెప్పేవాళ్ళు.

అన్న తన కొలతలన్నీ రోడ్డు పక్క సత్రం గోడ మీద రాయించాడు. గోడ ఉచితం, వచ్చేపోయే బళ్ళన్నీ ఆగేదీ అక్కడే.

తమ్ముడు కొలతల కాగితాన్ని నమూనా గొర్రుతోపాటే పెట్టెలో ఉంచాడు. గొర్రులో ఏది మార్చినా ఆ పూటే కాగితమూ దిద్దేవాడు. దాని నకలు సత్రం గోడ మీద తనూ రాయించాడు. అయితే ఊరి మొగలో, సొంత జాగాలో, ‘గొర్రు కొలతలకు ఇటు’ అని బోర్డు పాతి, బాణం సత్రం వైపు పెట్టాడు.

“గోడ ఉండగా బోర్డు దేనికిరా?”

“గోడ మనది కాదు కదన్నా.”

కొన్నాళ్ళకు అన్న నాలుగు పళ్ళ గొర్రు మానేసి మూడు పళ్ళది చెయ్యసాగాడు. గోడ దిద్దడం రేపు మాపంటూ మరిచాడు. ఆ కొత్త గొర్రు కొన్న రైతొకడు విత్తనాలు పోసే జడ్డిగం పగిలితే, గోడ చూసి నాలుగు కన్నాలతో ఇంకొకటి చేయించుకున్నాడు. నాలుగో కన్నంలోంచి విత్తనాలన్నీ చాలు తప్పి నేలపాలయ్యాయి.

ఆ ఏడే సత్రం చేతులు మారింది. కొత్త యజమాని గోడలకు వెల్ల వేయించాడు. అన్న కొలతలకు ఇంకో ప్రతి లేదు. తమ్ముడు తన కాగితం చూసి రచ్చబండ దగ్గరి గోడ మీద మళ్ళీ రాయించి, బాణం అటు తిప్పాడు. బాటసారులు దారి తప్పలేదు.

నీతి: చోటు ఎవరిదైనా కావచ్చు, మూలప్రతీ చిరునామా మాత్రం మనవై ఉండాలి.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇది అనుభవమే. 2006లో మొదలైన గూగుల్ కోడ్ వాటి కోడ్‌కూ వికీ పేజీలకూ ఉచితంగా చోటిచ్చింది. 2015 మార్చిలో మూసేస్తున్నట్టు ప్రకటించి, 2016 జనవరిలో మూసేసింది. పాత సరుకు ఆర్కైవ్‌కు చేరింది, దిద్దే వీలు పోయింది. లైనక్స్ కెర్నెల్, జాంగో తమ డాక్యుమెంటేషన్‌ను సోర్స్ కోడ్ పక్కనే ఫోల్డర్‌లో పెట్టుకున్నాయి. కోడ్ మార్చిన ప్యాచ్‌లోనే వివరణా మార్చొచ్చు, రివ్యూ చేసేవాళ్ళు రెండూ కలిపి చూడొచ్చు. అక్కణ్ణుంచి రీడ్ ద డాక్స్‌లో పెట్టినా, గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టినా ఫరవాలేదు. రెండూ సొంత డొమైన్‌ను ఒప్పుకుంటాయి. పాఠకులకు ఆ డొమైన్ చిరునామానే ఇవ్వాలి. దాని గడువు దాటకుండా డబ్బు కట్టే బాధ్యత ఒక్కరి మీదే వదలకూడదు.