వరద రోజున పడవ ఎక్కడం

ఆడవాళ్ళు పదిమంది కలిసి ఒక్కరోజు ఎక్కడికైనా వెళ్ళొద్దామనుకుంటే ఆ రోజు ఖాయం కావడానికే నెలలు పడుతుంది. ఒకరికి సెలవు దొరకదు, ఒకరి అత్తగారికి ఒంట్లో బాగుండదు, ఇంకొకరి పిల్లలకి పరీక్షలు. తీరా అన్నీ కుదిరిన రోజున ముసురు పడుతుంది. "ఇప్పుడు కాకపోతే ఇంకోసారి వెళ్ళొచ్చుగా" అంటారు ఇంట్లో. ఆ ఇంకోసారి రాదని మనకు తెలుసు. అందుకే గొడుగులు పట్టుకుని బయల్దేరతాం. వాతావరణం బాగాలేదన్న మాట మన ఇళ్ళలో ఎప్పుడూ వాతావరణం గురించే కాదు గనక ఈ మొండితనం నాకు ఇష్టం.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' అన్న పుస్తకంలో ముంబయి వీధుల్ని చూపిస్తూ వాదించింది ఇంచుమించు ఇదే. స్త్రీలు కోరవలసింది కాపలాతో కూడిన భద్రత కాదు, రిస్కు తీసుకునే హక్కు. ఒప్పుకుంటాను. కానీ వీధికీ వరద గోదావరికీ తేడా ఉంది. వీధిలోని ప్రమాదం మనుషులు తయారు చేసింది. ఎక్కువమంది ఆడవాళ్ళు తిరిగేకొద్దీ అది కొంతైనా తగ్గుతుంది. ఎంతమందిమి రేవు దాటినా నది ఉధృతి మాత్రం తగ్గదు.

పట్టిసీమలో వీరభద్రస్వామి గుడి నది మధ్యన కొండ మీద ఉంటుంది. శివరాత్రి నాటికి నీళ్ళు తగ్గి ఇసుకతిన్నెలు బయటపడతాయి. శ్రావణంలో అదే చోట ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతాయి. రేవులో నిలబడితే గుడి చేతికందేంత దగ్గరగా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ఇక్కడికి ఎగువన, కచ్చులూరు దగ్గర, 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన 'రాయల్ వశిష్ఠ' బోటు మునిగింది. ఆదివారం. నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. పడవలో ఉన్న 77 మందిలో బతికి బయటపడింది 26 మంది. పడవను పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. ఆ ప్రయాణికులు తెలివితక్కువవాళ్ళని నేననను. కలిసి బయల్దేరిన వాళ్ళలో ఎవరికైనా భయం వేసి ఉంటే, ఆ భయాన్ని పైకి చెప్పే వీలు ఎంత ఉంటుంది అన్నదే నా ప్రశ్న. డబ్బు కట్టేశాం, అందరూ ఎక్కేశారు, నేనొక్కదాన్నే ఆగితే?

మన బృందాల్లో ఇది మరీ కష్టం. ధైర్యాన్ని మనం విలువగా చేసుకున్నాం, చేసుకోవలసిందే. దానితో పాటు తెలియకుండానే భయాన్ని పాత ఆడతనం గుర్తుగా మార్చేశాం. "నేను దిగిపోతాను" అన్నావిడని చూసి నవ్వకపోయినా, కాస్త జాలిగా చూస్తాం. ఇంట్లో 'వద్దు' అన్న మాటను ఎదిరించి వచ్చినవాళ్ళం, పక్కనున్న స్నేహితురాలి 'వద్దు'ని వినలేకపోతున్నాం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధిస్తుంది. కచ్చులూరుకి ఏడాది ముందు, 2018 మే 15న, కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానలో మునిగింది. అందులో ఎక్కువమంది గిరిజనులు. వాన కొడుతోందని తలుపులు మూసుకున్నారు. మునిగినప్పుడు ఆ తలుపులే వాళ్ళను బయటికి రానివ్వలేదు. వాళ్ళు విహారానికి రాలేదు. వాళ్ళ ఊళ్ళకి నదే దారి. గాలివానలో పడవెక్కడం మనకు తెగువ, వాళ్ళకు రోజువారీ ప్రయాణం. ఆ తర్వాత పోలవరం కాఫర్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళలో ఆ దేవీపట్నం మండలంలో చాలా ఊళ్ళే మునిగాయి. రిస్కు తీసుకునే హక్కు అన్నప్పుడు, రిస్కు తప్పించుకునే హక్కు కూడా లేని ఈ ఆడవాళ్ళని ఎక్కడ ఉంచుదాం? (పర్యాటకం మీద రాసే వ్యాసాల్లో వీళ్ళు రారు. నిర్వాసితుల లెక్కల్లో వస్తారు.)

సరంగు సంగతీ ఉంది. పడవ కదలకపోతే అతనికి ఆ రోజు కూలి లేదు. పదిమంది రేవులో నిలబడి "ఏమయ్యా, వెళ్ళొచ్చా?" అని అడిగితే అతను ఏం చెప్పాలి? మన ప్రాణాల మీద నిర్ణయాన్ని అతని ఆకలి మీద పెడుతున్నాం. పడవ కదిలినా కదలకపోయినా కూలి ఇస్తామని ముందే చెప్పి అడిగితే, అప్పుడు అతను చెప్పే జవాబును నమ్మొచ్చు. ఈ మాట అన్నప్పుడు మా బృందంలో ఒకావిడ, వెళ్ళని ప్రయాణానికి చందా ఎవరిస్తారని అడిగింది. ఇంకా తేలలేదు. వచ్చే శ్రావణానికి మళ్ళీ తేదీలు చూస్తున్నాం.