లోకాంతమును లేఖకధర్మమును

మేము పండితులము కాము. నాలుగు తరములుగా చెన్నపురిలో స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టి, యస్.యస్.ఎల్.సి. వరకు మాత్రము చదివి, ముప్పదియాఱు సంవత్సరములు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. ఇట్టి సంచికలలో కవులను గూర్చియు, దేవాలయములను గూర్చియు, మన పూర్వులు ఈ ప్రాంతమునకు వలస వచ్చిన వృత్తాంతమును గూర్చియు వ్రాయుట పరిపాటి. మేము స్పెయిను దేశపు క్రైస్తవ మఠములలో వెయ్యేండ్ల క్రిందట వ్రాసిన కొన్ని పుస్తకములను గూర్చి వ్రాయబూనితిమి. ఇందుకు కారణము చెప్పవలసియున్నది.

చిత్రకళ చదువుచున్న మా మేనకోడలు క్రిందటి వేసవిలో ఒక పెద్ద బొమ్మల పుస్తకమును మా యింట మఱచి వెళ్ళెను. ఊరక పుటలు త్రిప్పుచుండగా ఏడు తలల సర్పము కంటబడెను. మొదట ఆదిశేషుడని భ్రమసితిమి. తరువాత నలుగురు రౌతులు, ఆపైని తేలు కొండివంటి తోకలు గల మిడుతలు, అటుపైని పాములు చుట్టుకొనిన నగరము. వెనుకనంతయు పసుపు, ఎఱుపు, నీలము పట్టెలు పట్టెలుగా పూసిన రంగులు. అవి మాకు భయము గొల్పలేదు. పండుగనాటి ముగ్గువలె కంటికి ఇంపుగా నుండెను. అవి బైబిలు చివరనున్న ప్రకటన గ్రంథమునకు, అనగా యోహాను దర్శించినట్లు చెప్పబడు లోకాంత వృత్తాంతమునకు, వ్రాసిన బొమ్మలని పిమ్మట తెలిసినది. అప్పుడొక సందేహము పుట్టెను. లోకము త్వరలో ముగియునని నమ్మినవాడు, ఆ ముగింపును చెప్పు పుస్తకమును ఇంత శ్రద్ధగా ఏల వ్రాయవలెను? దానిని చదువుటకు ఎవరు మిగులుదురు? ఈ సందేహము మా జీవితములోని ఒక తప్పును తాకినందున విడువలేకపోతిమి.

స్పెయిను ఉత్తరభాగమున లియెబానా యను కొండలోయ కలదు. 711లో ముస్లిము సైన్యములు ఆ దేశమున ప్రవేశించి అధికభాగమును వశపఱచుకొనిన పిమ్మట, ఉత్తరపు కొండలలో ఒక చిన్న క్రైస్తవ రాజ్యము నిలిచెను. అచ్చటి మఠమున బెయాటస్ అను సన్యాసి 776 ప్రాంతమున ప్రకటన గ్రంథమునకు ఒక వ్యాఖ్యానమును కూర్చెను. తరువాత పదేండ్లలో దానిని సవరించెను. అందు స్వంతముగా చెప్పినది తక్కువ. పూర్వ వ్యాఖ్యాతల మాటలను ఏరి యొకచోట చేర్చినదే ఎక్కువ. మావంటివారికి ఇది తెలిసిన పనియే.

అతని లెక్క వినదగినది. దేవుడు ఆఱు దినములలో సృష్టి చేసెను గనుక లోకమునకు ఆఱువేల ఏండ్లు ఆయుర్దాయమని నాటి పలువురి విశ్వాసము. ఆదాము మొదలు 786 వరకు 5986 సంవత్సరములు చెల్లినవని బెయాటస్ కూడిక వేసెను. మిగిలినవి పదునాలుగు. అనగా 800తో ఖాతా మూయవలెను. అయితే ఆ కాలమును దేవుడు కుదించునో పొడిగించునో ఎవరికిని తెలియదని కూడ ఒక మాట చేర్చి వ్రాసెను. మంచి గుమాస్తా ఏ లెక్క క్రిందనైనను ఇట్టి మాట యొకటి వ్రాసియుంచును.

అతనికి ఒక ప్రత్యర్థి యుండెను: టొలీడో నగరపు క్రైస్తవ ప్రధానాచార్యుడు ఎలిపాండస్. క్రీస్తు తన మానవరూపమున దేవునికి దత్తపుత్రుడని ఎలిపాండస్ వాదము. బెయాటస్ దానిని తీవ్రముగా ఖండించెను. ఆ పగతో ఎలిపాండస్ పక్షమువారు తమ లేఖలో ఒక కథ వ్రాసిరి. ఈస్టరు పండుగ ముందునాటి రాత్రి లోకము ముగియునని బెయాటస్ జనులకు చెప్పెనట. వారు భయపడి మఱునాటి మధ్యాహ్నము దాటువరకు నిరాహారులై యుండిరట. తుదకు ఒర్దోనియస్ అనువాడు ఆకలి సహింపలేక, చచ్చినచో కడుపు నిండియే చత్తము, తినుడనెనట. ప్రత్యర్థి చెప్పిన కథ గనుక దీనిని తూచి నమ్మవలెను. అయినను ఒర్దోనియస్ మాకు నచ్చినాడు. మన దేశమున 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమి కాలమున జనులు ఏమగునో యని యాగములు చేయించినప్పుడు, మా నాయనకు అప్పుపడిన ఒకాయన, "మంగళవారం దాకా ఆగండి, లోకం ఉంటే ఇస్తా" ననెనట. లోకము నిలిచినది, అప్పు తీఱినదో లేదో మా తల్లి ఎన్నడును చెప్పలేదు.

800 వచ్చినది, పోయినది. లోకము కదలలేదు. బెయాటస్ పుస్తకము నంతటితో మూలకు నెట్టవలసినది. అట్లు జరుగలేదు. అసలు ప్రతులన్నియు తఱువాతివే. పదవ శతాబ్దము మొదలు పదుమూడవ శతాబ్దము వరకు మఠము వెంట మఠము దానిని ప్రతి వ్రాయుచునే యుండెను. బొమ్మలతో కూడినవి, చిరుగు ముక్కలతో సహా, ఇరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. న్యూయార్కు, లండను, పారిసు, మాడ్రిడు మొదలగు నగరముల గ్రంథాలయములలో వానిని కాపాడుచున్నారు. స్పెయిను, పోర్చుగలు దేశములలోని కొన్ని ప్రతులను 2015లో యునెస్కో ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చినది. ఈ ప్రతులలో పెక్కింట లోకపటము కూడ నున్నది. తూర్పు దిక్కు పైకి, అందు ఏదెను వనము. 1086లో వ్రాసిన ఓస్మా ప్రతిలో అపొస్తలులు వెళ్ళిన దేశముల చెంత వారి తలలు గీయబడినవి. తోమా తల ఇండియా వద్ద నున్నది. శాంతోము దేవాలయమున తోమా సమాధి కలదని మైలాపూరు క్రైస్తవులు నమ్ముదురు గదా! ఆ వీధిని ఇన్నేండ్లు బస్సులో పోవుచుండియు, ఎక్కడనో కొండలలోని సన్యాసి మా తీరమును ఒక తలతో గుర్తించియుండెనని మేమెఱుగము.

పాత తప్పులెక్కను ఎఱిగియు ప్రతి వ్రాసిన ఈ లేఖకుల ఉద్దేశమేమి? ఒకడు స్వయముగా చెప్పినాడు. 940 ప్రాంతమున మాయూస్ అను చిత్రకారుడు, ఇప్పుడు న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయమున నున్న ప్రతిని చిత్రించి, వివేకులు రాబోవు తీర్పునకు వెఱచుటకై ఈ బొమ్మలు వ్రాసితినని చివర తెలిపెను. భయమే ప్రయోజనమట! ఇచ్చట మాకు కొంత అభ్యంతరము కలదు. భయముచేత మనుష్యుడు తప్పుడుపని మానవచ్చును గాని మంచివాడగునని చెప్పజాలము. మా యధికారులలో భయపెట్టి పని చేయించినవారిని చూచితిమి; వారు తల త్రిప్పగనే పని ఆగెడిది. పైగా భయపు బొమ్మలో నరకమునకు పోవువాడు ఎప్పుడును ప్రక్కింటివాడే, చూచువాడు కాడు. అయితే మాయూస్ నోట చెప్పినదియు చేత చేసినదియు ఒకటి కాదని మాకు తోచుచున్నది. భయపెట్టుటయే పని యైనచో నల్లసిరా చాలును. మిడుత ఱెక్కకు ఇన్ని రంగులేల? నూతన యెరూషలేము పండ్రెండు ద్వారములకు గుఱ్ఱపులాడపు ఆకృతిగల తోరణములేల? అట్టి తోరణములు దక్షిణపు ముస్లిము నగరములందు విరివిగా నుండినవి. శత్రువులని తలచినవారి యిండ్లకు నున్న వంపునే ఇతడు స్వర్గపు వాకిలికి పెట్టెను. అందమునకు వెఱపును తెలియదు, పగయు తెలియదు.

మాకు మిక్కిలి ప్రియమైనది తాబరా మఠపు ప్రతి. ఇది మాడ్రిడులో నున్నది. మాయూసే యని పలువురు పండితులు చెప్పు వృద్ధ చిత్రకారుడొకడు దీనిని మొదలిడి 968లో మరణించెను. శిష్యుడు ఎమెటీరియస్‌ను పిలిపించిరి. అతడు మూడు మాసములు కూర్చుండి 970 జూలైలో పని ముగించి, తన కష్టమును చివరిపుటలో చెప్పుకొనెను: రాతిగోపురపు మొదటి అంతస్తున వంగి కూర్చుండి వ్రాయగా కలము తన సర్వావయవములను పీడించినదని. ఆ గోపురమునే బొమ్మగా వ్రాసెను. గంటల త్రాళ్ళు లాగువాడొకడు. నిచ్చెనలు. ప్రక్కగదిలో ఎదురెదురుగా కూర్చుండి వ్రాయువారు. ఆవలి గదిలో కత్తెరతో చర్మపత్రమును సరిచేయువాడొకడు. బల్లముందు వెన్ను వంచినవారికి ఈ పుట వివరింప నక్కఱలేదు. లోకాంతమును చెప్పు పుస్తకమున, దేవదూతల కొమ్ముబూరల తఱువాత, కత్తెర పట్టిన సేవకునికి చోటు దొరికినది! 975లో జిరోనా ప్రతికి ఈ ఎమెటీరియసే ఎండే యను స్త్రీతో కలిసి బొమ్మలు వ్రాసెను. ఆమె పేరు ముందు వ్రాయబడినది.

వారి లోకమునకు అంతము వచ్చినది, గాని వారు వ్రాసిన రీతిగా కాదు. పదవ శతాబ్దము చివర కార్డోవా సేనాని అల్ మన్సూర్ దండయాత్రలలో తాబరా మఠము నాశనమైనదని చరిత్రకారులు చెప్పుదురు. పుస్తకము మిగిలినది. అందును బొమ్మలలో పెక్కు పోయినవి. గోపురము బొమ్మ మాత్రము పోలేదు.

ఇక మా తప్పు. విశ్రాంతికి ఆఱుమాసములు ముందు మా కచేరీలో చిరిగిన పాత సర్వీసు రిజిస్టర్లను క్రొత్త పుస్తకమునకు ఎక్కించు పని మాకు అప్పగింపబడెను. కంప్యూటర్లు వచ్చుచున్నవనియు, ఈ పుస్తకములన్నియు కొలది మాసములలో చెత్తకు పోవుననియు అందఱు ననుకొనుచుండిరి. రేపు తగులబడు కాగితమునకు నేడు దస్తూరి యేల యని మేమును తలచితిమి. ముప్పదియైదేండ్లు గీతకు గీత తప్పక వ్రాసిన చేయి ఆ ఆఱుమాసములు గీకినది. తనిఖీ చూడలేదు, సరిపోల్చలేదు. ఒక బంట్రోతు ఉద్యోగమున చేరిన సంవత్సరము 1979 అని యుండగా 1997 అని వ్రాసితిమి. పాత రిజిస్టరును చెదలు తినినదని పాఱవైచిరి. కంప్యూటరులోనికి మా పుస్తకమును చూచియే ఎక్కించిరి. మూడు మాసములలో చచ్చునని మేము తలచిన పుస్తకమే మూలప్రతి యైనది.

ఆ బంట్రోతు మరణించెను. అతని భార్య కుటుంబపు పింఛనుకై తిరిగి తిరిగి, ఒకనాడు మా యింటిమెట్టుమీద వచ్చి కూర్చుండెను. చేతిలో ఆ పుట యొక్క జిరాక్సు. "అయ్యగారూ, ఇది మీ చేతివ్రాతేనని ఆఫీసులో చెప్పారు. మీరు ఒక్కసారి వచ్చి చెబితే చాలట" అనెను. ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. మంచినీరు ఇచ్చినచో త్రాగి, గ్లాసు కడిగి పెట్టెను. మేము ప్రమాణపత్రము వ్రాసి యిచ్చి, కచేరీకి ఎన్నిమాఱులో తిరిగితిమి. ఆ అంకెలు రెండును స్థానములు మారుటకు ఎనిమిది నెలలు పట్టినది.

మిత్రులు, "పుస్తకము నిలుచునని తెలిసియుండిన మీరు శ్రద్ధగా వ్రాసియుందురు గదా, తెలియక జరిగినది" అని ఓదార్చిరి. ఈ ఓదార్పును మేము అంగీకరింపము. ఆ పుస్తకము నిజముగానే తగులబడి యుండినచో మా తప్పు తప్పు కాకపోవునా? ఫలము మాత్రము లేకపోయెడిది, తప్పు ఉండెడిది. ఏలన మేము అలక్ష్యము చేసినది కాగితమును కాదు. ఆ వరుసలో నున్నది ఒక మనుష్యుని పేరు. కాగితమునకు ఆయువు తీఱినదని తలచి, దానితోపాటు ఆ మనుష్యుని లెక్కయు ముగిసినదని వ్రాయుచున్నప్పుడే తీర్మానించితిమి.

ఆ సన్యాసులు స్వర్గమును కోరి వ్రాసిరి, అది నిష్కామకర్మ యెట్లగునని అడుగవచ్చును. కోరియే యుందురు, తమకొఱకు ప్రార్థింపుడని చదువరులను వేడుకొనినవారే. మేమును జీతము కొఱకే వ్రాసితిమి. కూలి కోరుట వలన పని చెడదు. పని యెదుటనున్నపుడు దానిని లేనిదానిగా చూచుట వలన చెడును. ఇప్పుడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున నున్న సిలోస్ మఠపు ప్రతికి వ్రాత 1091లో ముగిసినది. బొమ్మలు ముగియుటకు 1109 వచ్చినది. నడుమ పదునెనిమిదేండ్లు! రేపు లోకము కూలునని చదువుచు, చెప్పుచు, ఆ మాటనే చిత్రించుచు, అర్ధాంతరముగా విడిచిన పనిని మఱల చేపట్టిరి. ఆ ప్రతి చివర లేఖకులు వ్రాతవలన కన్నులు మసకబాఱునని, వెన్ను వంగునని మొఱపెట్టుకొని, పుటలు మెల్లగా త్రిప్పుమని, అక్షరములపై వ్రేళ్ళు పెట్టవద్దని చదువరిని బతిమాలిరి. లోకాంతమును నమ్మినవాడు చదువరి చేతివ్రేళ్ళకు భయపడుచున్నాడు! ఈ వైరుధ్యమును మేము తర్కముతో పరిష్కరింపజాలము. వారికి అది వైరుధ్యముగా తోచియుండదు. తీర్పు వచ్చునది వచ్చును. అది వచ్చు క్షణమున చేతిలో నున్న పుట సరిగా నుండవలెను.

మా మేనకోడలు వచ్చి పుస్తకమును తీసికొనిపోయెను. గోపురము బొమ్మను మాత్రము నకలు తీయించి యిచ్చెను. "మామయ్యా, ఇన్ని దేవదూతలుండగా ఈ కత్తెరవాడేనా నీకు దొరికింది?" అని నవ్వెను. సంఘపు కార్యదర్శిగారు పాత సభ్యుల పట్టికను మా చేతికిచ్చియున్నారు. అంచులు విఱిగిన ఆ పుస్తకమును యంత్రమున ఎక్కించెదరట. అంతవరకు ఒక శుద్ధప్రతి కావలెనట. దినమునకు ఒక పుట వ్రాయుచున్నాము. వ్రాసినదానిని మఱునాడు ఉదయమున పాతదానితో అంకె అంకెగా సరిపోల్చుచున్నాము. నిన్నటికి ఎనుబదిమూడు పుటలైనవి.