వేషము కట్టు బిడ్డ - గృహధర్మము

హరిశ్చంద్ర నాటకమున సత్యముకొరకు ఆలుబిడ్డలను విడనాడిన రాజును జూచి మన ప్రేక్షకులు కన్నీరు గార్తురు. పాముకాటునకు బలియైన లోహితాస్యునిపై బడి చంద్రమతి విలపించునపుడు సభయెల్ల నిశ్శబ్దమగును. కాని యా వేషమున కదలక మెదలక పడియున్న పసివాడెవ్వడు, వానికి నిదుర చాలినదా, వాని పారితోషికము ఎవరి చేతికి ముట్టుచున్నది అని యడుగువారు మనలో మిక్కిలి యరుదు. రంగముమీది తండ్రికై యేడ్చు మనము రంగము వెనుకనున్న తండ్రి ధర్మమును గూర్చి కొంత విచారింపవలదా?

నాటకము బిడ్డలను చెరచునని వాదించువారితో మేము ఏకీభవింపము. భరతముని తన నూర్గురు కొడుకులకే నాట్యవేదమును నేర్పెనని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. ఋషులను పరిహసించినందులకు ఆ కొడుకులు శాపమందిరనియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. అనగా నటుని గౌరవించుటయు నిరసించుటయు మనకు క్రొత్త గాదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధతో ప్రారంభించిన నాటకసంప్రదాయమున కుటుంబమే సమాజము, సమాజమే కుటుంబము. అచ్చటి బిడ్డ తెరచాటున నడక నేర్చి, మాటలు వచ్చిన వెనుక బాలకృష్ణుడో ప్రహ్లాదుడో యగును. 1932లో వెలువడిన భక్తప్రహ్లాద చలనచిత్రమునకు నటులనిచ్చినదియు ఈ సంప్రదాయమే. ఇట్టి ఏర్పాటున బిడ్డ పరాయివారి నడుమ ఒంటరి గాడు. అది గొప్ప మేలు. కాని ఇల్లును పనిచోటును ఒక్కటియైనప్పుడు, పనియందు విసిగిన బిడ్డ పోయి తలదాచుకొనుటకు వేరొక యిల్లుండదు. ఈ రెండును గుర్తెరిగిననే మన విచారణ న్యాయముగ నుండును.

అసలు ప్రశ్న యిది: బిడ్డ యార్జించిన ధనమునకు ఎవరు యజమానులు? తండ్రి రక్షకుడు. బిడ్డ సంపాదనపై ఇల్లు గడుచునపుడు రక్షకుడే రక్షితుడగును. తనకు అన్నము పెట్టువానికి విశ్రాంతి యవసరమా కాదా యని తానే తీర్పు చెప్పవలసివచ్చును. ఇది దుర్మార్గులకే కలుగు సంకటము కాదు. 1921లో చాప్లిన్ తీసిన 'ది కిడ్' చిత్రమున నటించి లోకప్రసిద్ధుడైన జాకీ కూగన్ అను బాలుడు యుక్తవయస్సు వచ్చిన పిమ్మట తన యార్జితము చాలవరకు వ్యయమైపోయినదని తెలిసికొని, 1938లో తల్లిపైనను సవతితండ్రిపైనను వ్యాజ్యము వేసెను. మరుసటియేడు కాలిఫోర్నియా రాష్ట్రము బాలనటుల ధనరక్షణకు చట్టము చేసెను. కంచెయే చేను మేయునేమో యను శంక శాసనకర్తలకే కలిగినది.

మన దేశమునను 2016లో బాలకార్మిక చట్టమును సవరించి, 2017లో నియమములను చేర్చిరి. వాని ప్రకారము బాలనటునిచే దినమునకు అయిదు గంటలకు మించియు, విశ్రాంతి లేక మూడు గంటలకు మించియు పని చేయింపరాదు. వరుసగ ఇరువదియేడు దినములకు మించరాదు. వాని సమ్మతి లేక నటింపజేయరాదు. ఆర్జనలో నూటికి ఇరువదికి తగ్గకుండ వాని పేర బ్యాంకులో నిలువ చేయవలెను. మంచిదే. కాని చట్టము గుమ్మమువరకే వచ్చును. తక్కిన యెనుబది పాళ్లును తల్లిదండ్రుల మనస్సాక్షికే విడువబడినవి.

కావున గృహస్థులు తమంతట తాము కొన్ని కట్టుబాట్లు చేసికొనవలెను. బిడ్డ ధనమునకు వేరు లెక్క వ్రాసి, ఊహ తెలిసిన వెంటనే వానికి చూపవలెను. రాత్రి ఆట యున్న మరునాడు నిదురకును చదువునకును లోటు రాకుండ ముందే యేర్పరచుకొనవలెను. అర్ధరాత్రమున సభ "వన్స్‌మోర్" అని కేకలు వేసినపుడు, చాలునని చెప్పగల పెద్దవాడొకడు తెరప్రక్కన నుండవలెను. పసివాడు తనంత తాను చెప్పలేడు. ఇంటిలో వేషము కట్టని అన్నయో చెల్లెలో యున్నచో వారి చిన్నతనమునకు గూడ ఇల్లు బాధ్యత వహించినదే. పతకములు గోడమీద నుండవచ్చును గాని, విస్తరిలో వడ్డన అందరకు సమానముగ నుండవలెను. పదునాలుగేండ్ల ప్రాయమున మగపిల్లవాని గొంతు మారును. నిన్న పద్యమునకు చప్పట్లు కొట్టిన సభ నేడు మరియొకనికి కొట్టును. ఆనాడు వానికి నిలువ నీడగా చదువును, చెలిమియు, ఇంటివారి ప్రేమయు ముందుగనే సిద్ధముగ నుండవలెను.

"ఇవి కలవారికి చెల్లు మాటలు; మాకు ఆ సంపాదనయే అన్నము" అని కొందరు తల్లిదండ్రులు చెప్పవచ్చును. ఈ యాక్షేపణ బలవత్తరమైనది. దీనిని నీతివాక్యములతో త్రోసివేయుట మాకు సమ్మతము గాదు. పెద్దల శ్రమకు తగిన వేతనమీయని సమాజములకును, తక్కువ రుసుముతో తెల్లవారువరకు ఆట చూడగోరు మనకును ఈ దోషమున పాలు కలదు. అయినను ఆ తల్లిదండ్రులు చేయగలిగినది యొకటి యున్నది. దేవ ఋషి పితృ ఋణములని మూడింటిని శాస్త్రములు చెప్పినవి. బిడ్డ సంపాదన తినవలసివచ్చిన యింట నాలుగవ ఋణమొకటి పుట్టును. అది తల్లిదండ్రులు బిడ్డకు పడిన ఋణము. దానిని తమ హక్కుగా గాక అప్పుగా నెంచువారు తీర్చు నుపాయమును వెదకుదురు. ధనముగ తీర్పలేనివారు చదువుగ నైనను తీర్తురు.

"నేటి రాత్రి నేను వేషము కట్టను" అని బిడ్డ యన్నచో ఆ యింట నేమి జరుగును? తల్లి కొంచెము నొచ్చుకొని ఊరకున్నచో ఆ బిడ్డ నటుడు. పొయ్యిమీది కుండ యాగిపోవునేని ఆ బిడ్డ కూలివాడు. వానికి ఎన్ని బిరుదు లిచ్చినను ఆ మాట మారదు. రంగస్థలమునకు బిడ్డలను పంపు గృహస్థులు పంపుటకు ముందే యీ ప్రశ్నను తమలో తాము వేసికొందురు గాక.