ఆజ్ఞయు నాదమును

ఇతరులు సిద్ధపఱచి యుంచిన దానిని మనము పిలిచినంతమాత్రమున అది మనదగునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. తాతలు కూడబెట్టిన ధనము, గురువు చెప్పిన పాఠము, వంశముతో వచ్చిన భాష - వీని యన్నింటి విషయమునను పెద్దలు దీనిని విచారించియే యున్నారు. ఈ మధ్య ఒక గిటారు మూలమున ఆ ప్రశ్న మాకు మరల ఎదురైనది.

మాట్టుతావణి సమీపమున మా యింట మనుమడు గిటారు వాయించును. అది విద్యుత్తుతో పలుకు గిటారు. దాని తంత్రుల కదలిక అయస్కాంతపు చుట్టలలో విద్యుత్తుగా మాఱి, పాదముల కడనున్న చిన్న పెట్టెలకు పోవును. వీనిని పెడళ్లందురు. ఒకటి స్వరమును గరుకు చేయును. ఒకటి ప్రతిధ్వనిని చేర్చును. మఱొకటి అలవలె ఊగించును. వాయించువాడు కాలితో నొక్కి, వంగి మరలు త్రిప్పి వీనిని సరిచేసికొనుట పాత పద్ధతి. మావాడట్లు చేయడు. కంప్యూటరు తెఱచి, బ్రౌజరులో ఒక పుట తీసి, అందలి బొమ్మ మరను వ్రేలితో జరుపును. నేలమీది పెట్టె పలుకు మాఱును. “చేతి విద్యను చేతితో చేయక ఈ ఆటలేమి?” అని మేము మందలించితిమి. వాడు కోపగింపక, “తాతా, ఈ తీగలో పాట పోదు, ఉత్త కబురే పోతుంది” అనెను.

ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగిరిలో కబుర్లనే మోసిన మాకు ఆ మాట పట్టుకొన్నది. విచారింపగా తెలిసినదిది. ఆ కబురు భాషకు మిడి యని పేరు. వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదాని మాట నొకటి వినవలెనని అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో ఇకుటారో కకెహాషి మొదలగువారు పూనుకొనగా, 1983 జనవరిలో ఇరువురి వాద్యములును ఒక తీగతో కలిసి పలికినవి. ఈ భాషను వాడుకొనుటకు ఎవరును రుసుము చెల్లింపనక్కఱలేని విధముగా లోకమునకు విడిచిరి. ఇందు నాదము లేదు, అంకెలే కలవు. “ఇన్నవ అమరికకు మాఱుము” అనునది యొక తరహా ఆజ్ఞ. “ఈ మరను ఇంతవఱకు త్రిప్పుము” అనునది మఱొక తరహా. అంకెలు 0 నుండి 127 వఱకు మాత్రమే. ఒకే తీగపై 16 విలాసములకు ఆజ్ఞలు పంపవచ్చును. తనది కాని దానిని పెట్టె పట్టించుకొనదు. మూడు మాటల ఆజ్ఞ పాత పద్ధతి తీగపై పోవుటకు సెకనులో వేయవ వంతు పట్టును. బ్రౌజరుకే ఈ భాష నేర్పు ముసాయిదాను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2012లో ప్రకటించినది. క్రోమ్ 2015లోను, ఫైర్‌ఫాక్స్ 2022 చివరను దానిని చేకొన్నవి.

కాబట్టి 12 అను అంకెలో సంగీతము లేదు. ఆ పెట్టెలో 12వ చోట ఎవరో చెవియొగ్గి విని, మరలు సరిచేసి, భద్రపఱచియుండవలెను. కచేరీలో దస్త్రము సంఖ్య వ్రాసినంతనే దస్త్రము పుట్టదు గదా! “ఆ అమరిక నీవు చేసినదేనా?” అని మేమడిగితిమి. ఎవరో చేసి పంచిపెట్టినదానిని తెచ్చుకొంటినని వాడు ఒప్పుకొనెను.

దాని ఫలితము ఒక పెండ్లి మండపములో తెలిసినది. ఇంట ఇంపుగా నున్న ఆ 12వ అమరిక అక్కడ ముద్దయైపోయినది. పెద్ద మండపమునకు దానికే ప్రతిధ్వని కలదు. పెట్టెలోని ప్రతిధ్వని దానిపై పడి స్వరములను మ్రింగివేసినది. ఏ మర తగ్గింపవలెనో వానికి తోచలేదు. అంకె వానిచేత నున్నది, అర్థము లేదు. తరువాత నెల దినములు వాడు ఒక్కొక్క మరనే జరుపుచు, వినుచు, వ్రాసికొనుచు కూర్చుండెను. ఇప్పుడా 12 వానిది.

మా మందలింపులోను తప్పున్నది. విద్యుత్తు దోషము కాదు. పాలకొల్లున 1969లో జన్మించి 2014లో గతించిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమును పలికించెను. గమకము ఆయన వ్రేళ్లలో నుండెను. విద్యుత్తు దానిని సభ చివఱి వఱకు మోసినది. మోయుదానిని నిందించి ప్రయోజనము లేదు. మోయుటకు మనయొద్ద ఏమున్నదని అడుగవలెను.

ఈ ప్రశ్న మన ఇండ్లకును వర్తించును. మన పిల్లలు పలువురు త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో చూచి పాడుదురు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరము. అందుచే సంగీత గ్రంథములలో అక్షరము ప్రక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేయుదురు. క పై 3 ఉన్నచో గ అని పలుకవలెను. అదియు మిడి వంటి ఆజ్ఞయే. తెలుగు విన్న నాలుకయైనచో అంకె చూడగానే నాదము పుట్టును. వినని నాలుకకు అది అంకెగానే మిగులును. పలుకు సరిగా వచ్చినను, పాట ఏమనుచున్నదో తెలియక పాడువారు కలరు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. “ఇంట తెలుగే మాటాడుము” అని మేమును పిల్లలను గద్దించితిమి. కూర్చుండబెట్టి కథ చెప్పిన రాత్రులు మాత్రము తక్కువ. గద్దింపు ఆజ్ఞ. కథ నాదము. నింపని పెట్టెకు ఆజ్ఞలు పంపి, అది పలుకలేదని అలిగితిమి.

బ్రౌజరులో మాకు నచ్చిన మర్యాద యొకటి కలదు. మిడి పరికరమును తాకుటకు ముందు అది యజమాని అనుమతి నడుగును. ఏలయన, కొన్ని ఆజ్ఞలు పెట్టెలో దాచినదానిని చెఱిపి వేఱొకటి వ్రాయగలవు. పరుల సొమ్మును తాకువాడు అడుగవలెనని యంత్రమునకే నేర్పిరి.

అడిగి తెచ్చుకొనుట తప్పు కాదు. లోకములో విద్య యంతయు మొదట ఎరువు సొమ్మే. తెచ్చినది ఎరువని మఱచుట తప్పు. దానిని విని, విప్పి, తన చెవితో మరల కూర్చుకొననంత కాలము అది తనది కాదు. మా మనుమడు గిటారు విషయమున ఆ పని చేసెను. రాత్రి భోజనమైన పిదప ఒక గంట వానిచెల్లెలికి తెలుగున కథ చెప్పుట మేము ఈ నెలనుండి ఆరంభించితిమి.