వృద్ధి మందగించిన నాడు

పెద్దలకు మ్రొక్కిన పిల్లవానిని "అభివృద్ధిలోకి రా" అని దీవించుట మన యిండ్లలో చిరకాలపు టాచారము. ఆ దీవెనలో విద్య, వినయము, సంతానము, ధాన్యము, మంచిపేరు అన్నియు ఇమిడియుండెను. నేడా మాటకు ఒక్కటే అర్థము మిగిలినట్లున్నది: నిరుటికంటె ఈ యేడు, ఈ యేటికంటె మీదటి యేడు ఆదాయము హెచ్చుట. ఇట్టి వృద్ధి లోకమున మందగించుచున్నదని ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, అది లెక్కలవారి గొడవ యని మనము ఊరకుండవచ్చునా? లేక అది మన ధర్మబుద్ధికి సంబంధించిన విషయమా?

ఈ ప్రశ్న మాకు మొదట పుస్తకములలో ఎదురుపడలేదు. కొంతకాలము క్రిందట మా పూర్వవిద్యార్థి తండ్రి యొకరు మా యింటికి వచ్చిరి. కుమారుని అమెరికా చదువునకై ఆయన పొలము తాకట్టుపెట్టి అప్పు తెచ్చియుండిరి. చదువు ముగిసినది, ఉద్యోగము కుదురలేదు, వడ్డీ మాత్రము ఆగలేదు. ఆయన మమ్ము నిందింపలేదు. "మాస్టారూ, బాగా చదివితే పైకొస్తాడని మీరే గదా చెప్పారు" అని మాత్రము అనిరి. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఏండ్ల తరబడి తరగతిగదిలో మేము పలికిన మాట యది. అది అబద్ధము కాదు. కాని లోకము ఎల్లప్పుడును పెరుగుచునే యుండునన్న పూచీ యొకటి దాని వెనుక దాగియున్నదని మేమెన్నడును తలపలేదు.

2000 మొదలు 2019 వరకు ప్రపంచోత్పత్తి ఏటికి సగటున నూటికి 3.7 వంతున పెరిగినదని అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క. ఇటీవలి యేండ్లలో అది మూడు, మూడుంబావు చుట్టు తిరుగుచున్నది. ధనికదేశములలో రెండింటికి లోబడియున్నది. ఈ భేదము చూచుటకు స్వల్పము. కాని చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి దాని బలము తెలియును. ఏటికి నూటికి ఏడు వంతున పెరుగు సంపద పదేండ్లలో రెట్టింపగును. ఒకటి వంతున పెరుగునది రెట్టింపగుటకు డెబ్బది యేండ్లు పట్టును. మొదటి దేశమున పుట్టినవాడు ముప్పది యేండ్లవాడగునప్పటికి సంపద ఎనిమిది రెట్లగును. రెండవచోట పుట్టినవాడు దానిని రెండింతలుగా చూచుటకు ముసలివాడు కావలయును.

కారణములు పలుతెరగులు. ధనికదేశములలో కాన్పులు తగ్గి, పనిచేయు చేతులు తగ్గి, వృద్ధుల సంఖ్య హెచ్చినది. పొలము విడిచి కర్మాగారమునకు పోవుటవలన కలుగు లాభము ఒక జాతికి ఒక్కమారే దక్కును. యుద్ధములు, సుంకముల పోరులు, పేరుకొన్న ఋణములు వీనికి తోడైనవి. ఇందు కొన్ని మారవచ్చును. కాని జనుల వయస్సు ఏ ప్రభుత్వపు టాజ్ఞకును వెనుకకు మరలదు.

సంపద నిలిచిపోవుటను గూర్చి పూర్వులును ఆలోచించిరి. సంపద పెరుగుచున్న దేశముననే కూలివాని బ్రదుకు సుఖకరమనియు, అది నిలిచినచోట దుర్భరమనియు 1776లో ఆడం స్మిత్తు వ్రాసెను. సంపద నిలిచినంతమాత్రమున మనుష్యుని మనస్సు నిలిచిపోదనియు, ధనికదేశములకు కావలసినది మఱింత ఉత్పత్తి కాదు, మంచి పంపకమనియు 1848లో జాన్ స్టూవర్టు మిల్లు చెప్పెను. నూరేండ్లకు మన మనుమలు వారమునకు పదునైదు గంటలు పనిచేసిన చాలునని 1930లో కెయిన్సు ఊహించెను. ఆ గడువు దాపునకు వచ్చినది. ధనికదేశముల సంపద ఆయన యనుకొన్నట్లే పెరిగినది. పనిగంటలు మాత్రము అంతగా తగ్గలేదు. "ఇక చాలు" అను గీత సంపదతోడనే ముందునకు జరిగిపోయినది.

మన కౌటిల్యుడు దండనీతికి నాలుగు పనులు విధించెను: లేనిదానిని సంపాదించుట, సంపాదించినదానిని కాపాడుట, కాపాడినదానిని పెంచుట, పెరిగినదానిని తగినచోట వినియోగించుట. ఈ కాలమువారు ఈ నాల్గింట మూడవదానిని మాత్రము పట్టుకొని, నాలుగవదానిని రేపటికి త్రోసివేసిరి. ఉమ్మడికుటుంబమున ఏటేట క్రొత్తపొలము సాగునకు వచ్చుచున్నంతవరకు అన్నదమ్ములకు వాటాల తలంపు రాదు. చిన్నవానికి తక్కువైనను "మీదటి యేడు చూతము" అని పెద్దవాడు చెప్పగలడు, చిన్నవాడు నమ్మగలడు. కడపటి ఎకరము దున్నబడిన పిదప ఆ మాట చెల్లదు. ఒకని కీయవలెనన్న మరియొకని చేతినుండి తీయవలయును. వృద్ధి మనకింత ప్రియమగుటకు మూలమిదియే: ఎవరిని నొప్పింపకయే న్యాయమును వాగ్దానము చేయుటకు అది వీలొసగినది. వృద్ధి మందగించుట అన్యాయమును పుట్టింపదు. వాయిదావేసిన న్యాయమును వాకిట నిలుపును.

ఇందుకు జపాను నిదర్శనము. 1960 తరువాతి దశకమున ఆ దేశపు టుత్పత్తి ఏటికి నూటికి పది చొప్పున పెరిగెను. 1989 డిసెంబరు చివర శిఖరము నంటిన టోకియో షేర్ల సూచి మరల ఆ యెత్తును 2024 ఫిబ్రవరిలో గాని దాటలేదు. ఆ నడుమ వృద్ధి ఏటికి సుమారు ఒకటి వంతు. దేశము కూలిపోయినదా? లేదు. నిరుద్యోగము నూటికి ఆరు దాటలేదు. ఆయుర్దాయము సుమారు ఎనుబదినాలుగేండ్లకు చేరినది. కనుక మందవృద్ధి యనగా వినాశము కాదు. కాని ఆ భారమును మోసినవారెవరు? ఉన్న యుద్యోగులను తొలగింపక, క్రొత్తవారికి తలుపులు మూసిరి. 1990 తరువాతి దశకమున చదువు ముగించిన యువకుల కాలమును వారు ఉద్యోగముల హిమయుగమని పిలిచిరి. వారిలో పెక్కురు తాత్కాలికపు పనులలోనే నడివయస్సునకు వచ్చిరి. ప్రభుత్వ ఋణము దేశపు సాలుసరి యుత్పత్తికి రెండింతలు దాటినది. అదియు పుట్టబోవువారిపైననే వ్రాయబడినది. పెద్దలు దుర్మార్గులు కారు. ఎవరి కుర్చీని వారు కాపాడుకొనిరి, నిలువబడినవాడు పిల్లవాడు.

"మీరు కడుపునిండినవారు, బీదలకు ఉపవాసము బోధించుచున్నారు" అని ఎవరైన అనినచో ఆ యాక్షేపణ న్యాయమైనదే. సగటు భారతీయుని ఆదాయము, మారకపు రేటు లెక్కన, సగటు జపానీయుని ఆదాయమున పదవవంతునకు ఇంకను చేరలేదు. కుళాయి లేని వాడకు, వైద్యుడు లేని పల్లెకు వృద్ధి కావలయును, శీఘ్రముగా కావలయును. కూలివానికి తృప్తిని బోధించుట మా యుద్దేశము కాదు. అయిననేమి, మన వృద్ధి సంగతి మనమే నిర్ణయింపగలిగినది కాదు. అమెరికాలో నియామకములు తగ్గిన గుంటూరులోను, కరీంనగరులోను ఇండ్లు కలతపడును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము స్త్రీకి సగటు సంతానము ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, జనసంఖ్య నిలుకడకు 2.1 కావలయును. జపాను ధనమార్జించిన పిదప వార్ధక్యము చెందినది. మనము ధనికులము కాకమునుపే ఆ త్రోవన పడితిమి.

అట్లయిన గృహస్థులు చేయదగినదేమి? మూడు సంగతులు మనవిచేయుదుము. మొదటిది, రాని జీతమును వచ్చినట్లెంచి అప్పు చేయరాదు. పిల్లవాని చదువు వాని హక్కు. అది ఇంటిల్లిపాది ఒడ్డు జూదము కారాదు. రెండవది, వచ్చిన నష్టమును ఇంటిలో కడగొట్టువానిపై నెట్టరాదు. కుటుంబమున కానిండు, కార్యాలయమున కానిండు, ముందు కూర్చున్నవారు కొంత జరుగవలయును. ఏటేట ఇంక్రిమెంటు పుచ్చుకొను మావంటివారికిని ఈ మాట వర్తించును. మా ప్రక్కగదిలో మాతో సమానముగా పాఠము చెప్పు తాత్కాలికోపాధ్యాయుని జీతమును గూర్చి మేమెన్నిమారులు నోరు విప్పితిమి? చెప్పుకొనదగినన్ని మారులు కాదు.

మూడవది, కాపాడు పనికి గౌరవమీయవలయును. 1934లో అమెరికా జాతీయాదాయమును లెక్కగట్టిన సైమన్ కుజ్నెట్సు, గృహిణుల సేవలు తన లెక్కలో చేరలేదనియు, ఆ యంకెను బట్టి జాతిక్షేమమును నిర్ణయింపరాదనియు తానే హెచ్చరించెను. ఆదాయము తగ్గిన ఇంట ముందుగా పనిమనిషిని మాన్పింతురు. ముసలివారి సేవ, రోగి సేవ, పిల్లల చదువు ఇల్లాలి తలపై చేరును. ఏ లెక్కలోను ఆ శ్రమ కానరాదు. పొదుపని మనము మెచ్చుకొనునది పెక్కుచోట్ల ఆమె నిద్రనుండి తీసినదే. మందవృద్ధికి అలవాటుపడుట యనగా ఆ పనిని ఇంటి మగవారును పంచుకొనుటయే.

ఆ తండ్రితో మేము బ్యాంకికి వెళ్లితిమి. పొలము అమ్మనక్కరలేకుండ అప్పు దీర్ఘపు వాయిదాలలోనికి మారినది. పిల్లవాడు తిరిగివచ్చి తక్కువ జీతమునకు ఇచ్చటనే పనిచేయుచున్నాడు. కొంతకాలము వీధిలో తలయెత్తి నడువలేదు. తరగతిలో మేము మా పాతమాటను కొంత మార్చితిమి. చదువవలయును, దానివలన చేతికి పని, మనస్సునకు వెలుగు కలుగును. పైకి వచ్చుటకు లోకము కూడ కలిసిరావలయును అని చెప్పుచున్నాము. మొన్న ఒక బాలిక లేచి, "కలిసిరాకపోతేనండీ?" అని అడిగినది. "అప్పుడు తప్పు నీది కాదమ్మా, నీకు తోడుండడం మా పని" అంటిమి. ఆ మాట నిలుపుకొనుటకు మాబోటి పెద్దలు ఏమేమి వదలుకొనవలయునో, ఆ జాబితా ఇంకను వ్రాసికొనవలసియున్నది.